చలికీ ఎండకీ ఏ ఇంజన్ ఆయిల్?



హనుమాన్ జంక్షన్ నాలుగు దారులు కలిసే ఊరు. విజయవాడ నుంచి ఏలూరు వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారిని నూజివీడు రోడ్డూ గుడివాడ రోడ్డూ ఇక్కడే కలుస్తాయి. వేసవి వస్తే నూజివీడు మామిడి లారీలు, ఏడాది పొడుగునా కైకలూరు వైపు నుంచి ఐసు వేసిన చేపల లారీలు ఈ దారినే ఉత్తరాదికి బయలుదేరతాయి. చుట్టుపక్కల పొలాల్లో ట్రాక్టర్లు, వరికోత మిషన్లు, తైవాన్ స్ప్రేయర్లు. చెరువు గట్ల మీద జనరేటర్లు. ఇదే మండలంలోని మల్లవల్లిలో 2025 మార్చిలో అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారం కూడా మొదలైంది. ఇన్ని ఇంజన్ల మీద ఆధారపడి ఇన్ని వేల కుటుంబాలు అన్నం తింటున్నాయి. అందుకే ఈ పూట ఇంజన్ ఆయిల్ గురించి మాట్లాడుకుందాం.

ఆయిల్ కొనేటప్పుడు మనలో చాలామంది అడిగే మాట "మంచి ఆయిల్ ఇవ్వండి" అని. దుకాణంలో ఆయన తన దగ్గర ఉన్నదాంట్లో ఒకటి చేతిలో పెడతారు. నిజానికి అన్ని ఇంజన్లకీ మంచిదైన ఆయిల్ అంటూ ఒకటి లేదు. మన ఇంజన్ ఏ రకమో, ఎంత చలిలో స్టార్ట్ అవుతుందో, ఎంత వేడిలో పనిచేస్తుందో, ఈ మూడింటికీ సరిపడిందే మనకి మంచి ఆయిల్. ఆ సంగతి డబ్బా మీద అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసే ఉంటుంది. ఆ రాత చదవడం ప్రతి బండి యజమానికీ, ప్రతి డ్రైవరుకీ, ప్రతి రైతుకీ రావాలన్నదే నా తాపత్రయం.

ముందు ఆయిల్ చేసే పనేమిటో చూద్దాం. పిస్టన్ లైనర్‌లో నిమిషానికి వేలసార్లు పైకీ కిందికీ కదులుతుంది. క్రాంక్ షాఫ్ట్ బేరింగుల్లో తిరుగుతుంది. ఇనుముకీ ఇనుముకీ మధ్య వెంట్రుక కన్నా పలచని ఆయిల్ పొర నిలబడి ఉన్నంతసేపే ఇంజన్‌కి ఆయుష్షు. ఆ పొర తెగితే అరుగుదల మొదలవుతుంది. తెగినది తెగినట్టే ఉంటే ఇంజన్ పట్టేస్తుంది. రాపిడి తగ్గించడంతో పాటు ఆయిల్ పిస్టన్ వేడిని లాగుతుంది, మసిని తనలో ఇముడ్చుకుంటుంది, తుప్పు పట్టకుండా కాస్తుంది.

దీనికి ఒక చిక్కుంది. ఏ నూనె అయినా చల్లబడితే చిక్కబడుతుంది, వేడెక్కితే పలచబడుతుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి, పొద్దెక్కాక కరగడం మన ఇళ్లలో అందరూ చూసేదే. ఇంజన్ ఆయిల్ మన చలికి అలా గడ్డకట్టదు కానీ దాని స్వభావమూ అటువంటిదే. మన లారీల్లో వాడే మామూలు డీజిల్ ఇంజన్ ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో, 100 డిగ్రీలకు వచ్చేసరికి అందులో ఏడో వంతో ఎనిమిదో వంతో మాత్రమే ఉంటుంది. బాగా చిక్కబడితే స్టార్ట్ చేసిన వెంటనే పై భాగాలకు ఎక్కదు. బాగా పలచబడితే బేరింగుల మధ్య నిలవదు. ఈ రెండింటి మధ్యా సమతూకం చూసుకోవడమే ఆయిల్ ఎంపిక.

ఇప్పుడు డబ్బా మీద అంకెల సంగతికి వద్దాం. 15డబ్ల్యు-40 అని ఉందనుకోండి. అమెరికాలో వాహన ఇంజనీర్ల సంఘం, ఎస్.ఎ.ఇ. అంటారు, 1911లో ఆయిళ్లను చిక్కదనాన్ని బట్టి వర్గీకరించడం మొదలుపెట్టింది. ఆ పద్ధతే ఇప్పటికీ ప్రపంచమంతా నడుస్తోంది. డబ్ల్యు ముందున్న అంకె చలిలో నడవడికకు గుర్తు. వెనకున్న అంకె ఇంజన్ పూర్తిగా వేడెక్కాక చిక్కదనానికి గుర్తు. ముందు అంకె తగ్గే కొద్దీ ఆయిల్ చలికి బాగా పారుతుంది. వెనక అంకె పెరిగే కొద్దీ వేడిలో దట్టంగా నిలబడుతుంది.

ముందు అంకెని అర్థం చేసుకోవడానికి ఒక సులువైన లెక్క ఉంది. దాన్నుంచి 35 తీసేయండి. 15డబ్ల్యు అయితే మైనస్ 20. 10డబ్ల్యు అయితే మైనస్ 25. 5డబ్ల్యు అయితే మైనస్ 30. 0డబ్ల్యు అయితే మైనస్ 35. 20డబ్ల్యు అయితే మైనస్ 15. ఆయిల్‌ని అంత చలిలో పెట్టి, క్రాంక్ తిరిగే వీలుందా అని ప్రయోగశాలలో పరీక్షించాకే ఆ అంకె వేస్తారు. ఇది పరీక్ష హద్దు కాబట్టి వాడకంలో దానికి ఐదారు డిగ్రీలు ఇవతలే ఆగడం మేలు.

ఈ లెక్క మన ప్రాంతానికి వేసి చూడండి. కృష్ణా డెల్టాలో పుష్యమాసపు తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. మన రాష్ట్రంలో అతి చలి ప్రాంతమని పేరున్న లంబసింగిలో సున్నా దగ్గరికి దిగుతుంది. అంటే 20డబ్ల్యు ఆయిల్ కూడా మన రాష్ట్రంలో ఎక్కడైనా, ఏ కాలంలోనైనా ఇంజన్‌ని స్టార్ట్ అవనిస్తుంది. మనల్ని పరీక్షించేది వెనక అంకె. మే నెలలో గన్నవరం, విజయవాడల్లో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండలో, నిండు లోడుతో, తారు సెగ మీద నడిచే లారీలో ఆయిల్ 110, 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అందుకే మన దగ్గర డీజిల్ లారీలకీ ట్రాక్టర్లకీ జనరేటర్లకీ 15డబ్ల్యు-40, పాత కార్లకీ మోటార్ సైకిళ్లకీ 20డబ్ల్యు-40 లేదా 20డబ్ల్యు-50 ఎక్కువగా వాడుకలోకి వచ్చాయి.

ఇక్కడ ఒక గట్టి నమ్మకాన్ని వదులుకోవాలి. ఎండల ప్రాంతం కదా, ఎంత చిక్కని ఆయిల్ పోస్తే అంత మంచిదని కొందరంటారు. కొత్త కార్లలో కంపెనీ 0డబ్ల్యు-20, 5డబ్ల్యు-30 అని రాస్తే, "ఇది నీళ్లలా ఉంది, మన ఎండకి ఆగదు" అని మార్చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ ఇంజన్లలో బేరింగుల సందులు, ఆయిల్ దారులు, పంపు ఒత్తిడి అన్నీ ఆ పలచని ఆయిల్‌కే లెక్కవేసి చేశారు. అక్కడ 20డబ్ల్యు-50 పోస్తే స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో పైనున్న క్యామ్ షాఫ్ట్‌కీ, టర్బో బేరింగుకీ ఆయిల్ అందడం ఆలస్యమవుతుంది. రోజూ పొద్దున్నే జరిగే ఆ కొద్ది క్షణాల అరుగుదలే ఏళ్లు గడిచేసరికి ఇంజన్‌ని బోరుకి తెస్తుంది. మైలేజీ కూడా పడిపోతుంది. అలాగే ఆయిల్ తాగుతున్న పాత ఇంజన్‌లో చిక్కని ఆయిల్ పోస్తే పొగ కొన్నాళ్లు తగ్గుతుందేమో కానీ, అరిగిన రింగులు బాగుపడవు.

ఇక్కడి నుంచి చలి ప్రాంతాలకి వెళ్లే బండ్ల సంగతి చూద్దాం. కశ్మీర్‌లో డిసెంబరు 21 నుంచి 40 రోజుల కాలాన్ని చిల్లై కలాన్ అంటారు. ఆ రోజుల్లో శ్రీనగర్‌లో రాత్రి ఉష్ణోగ్రత మైనస్ ఐదారుకు దిగుతుంది. మన లెక్క ప్రకారం 15డబ్ల్యు-40 పోసుకున్న లారీకి శ్రీనగర్ దాకా ఆయిల్ వల్ల ఇబ్బంది ఉండదు. లద్దాఖ్ సంగతి వేరు. లేహ్‌లో జనవరి రాత్రులు మైనస్ 15 దగ్గర ఉండడం మామూలు. ద్రాస్‌లో మైనస్ 20 కూడా దాటుతుంది. అక్కడ 15డబ్ల్యు హద్దు అంచుకి వచ్చేసినట్టే. శీతాకాలంలో అటు వెళ్లే బండికి కంపెనీ పుస్తకం అనుమతించిన 10డబ్ల్యు గాని 5డబ్ల్యు గాని బయలుదేరే ముందే మార్చుకోవాలి. మోటార్ సైకిళ్ల మీద లద్దాఖ్ వెళ్లే మన కుర్రాళ్లు ఎక్కువగా వేసవిలోనే వెళతారు కాబట్టి పెద్ద చిక్కు రాదు. అయినా 20డబ్ల్యు-50 పోసిన బండి కనుమల మీద రాత్రి ఆరుబయట నిలబడితే పొద్దున సెల్ఫ్ కష్టంగా తిరుగుతుంది. కంపెనీ ఒప్పుకుంటే 10డబ్ల్యు-40 గాని 10డబ్ల్యు-50 గాని మేలు.

చలి ఒక్క ఆయిల్‌నే పట్టి ఆగదు. డీజిల్లో మైనం ఉంటుంది. చలికి అది గట్టిపడి ఫిల్టరుకి అడ్డం పడుతుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం వేసవి డీజిల్ పారడం మానే ఉష్ణోగ్రత 15 డిగ్రీల దాకా ఉండొచ్చు, శీతాకాలపు డీజిల్‌కి 3 డిగ్రీల దాకా. అంటే వెచ్చని ప్రాంతంలో ట్యాంకు నిండా పోసుకున్న డీజిల్‌తో కొండలెక్కితే ఇంజన్ ఆయిల్ సరిగ్గా ఉన్నా బండి ఆగిపోవచ్చు. ట్యాంకు తగ్గాక చలి ప్రాంతపు బంకులోనే నింపుకోవడం తెలివైన పని. ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక శీతాకాల డీజిల్‌ని తెచ్చింది. హర్యానాలోని పానిపట్ రిఫైనరీలో అది తయారైంది. బీఎస్-6 కాలుష్య ప్రమాణపు లారీల్లో పొగ శుద్ధికి పోసే యూరియా ద్రవం మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. బ్యాటరీ బలం చలికి బాగా తగ్గుతుంది. రేడియేటర్లో ఉత్త నీళ్లుంటే గడ్డకట్టి ఇంజన్ బ్లాకునే పగలగొట్టగలవు. ఉత్తరాదికి వెళ్లే డ్రైవర్ సోదరులు ఆయిల్, డీజిల్, యూరియా, బ్యాటరీ, కూలెంట్ ఐదింటినీ కలిపే చూసుకోవాలి.

మన పిల్లలు ఎందరో అమెరికాలో మిన్నెసోటాలోనూ, కెనడాలో ఎడ్మంటన్, విన్నిపెగ్ వంటి నగరాల్లోనూ ఉంటున్నారు. అక్కడ మైనస్ 30 కూడా కొత్త కాదు. రాత్రి ఇంజన్‌ని వెచ్చగా ఉంచడానికి బ్లాక్ హీటర్ పెట్టి, కారు ముందు వేలాడే తీగను కరెంటు ప్లగ్గుకి తగిలిస్తారు. మంచు మీద తిరగడానికి స్నోమొబైల్ అనే బండి ఉంటుంది. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా. కెనడాలోని క్యుబెక్‌కి చెందిన జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ 1937లో మంచు మీద నడిచే పట్టా బండికి పేటెంటు పొందారు. ఆయన సంస్థే 1959లో ఒకరిద్దరు ఎక్కే చిన్న స్కీ-డూని అమ్మకానికి తెచ్చింది. మన దేశంలో గుల్మార్గ్ వెళ్లిన యాత్రికులు సరదాగా ఎక్కే మంచు బండి ఈ జాతిదే.

ఆ బండ్లలో ఎన్నింటికో టూ-స్ట్రోక్ ఇంజన్ ఉంటుంది. అక్కడ ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది. చిన్న పంపు దాన్ని కొంచెం కొంచెంగా ఇంజన్‌కి అందిస్తుంది. మైనస్ 35, 40 చలిలో ఆ సన్నని గొట్టంలో ఆయిల్ పారకపోతే కొద్ది నిమిషాల్లోనే పిస్టన్ పట్టేస్తుంది. అందుకే వాటికి గడ్డకట్టని సింథటిక్ టూ-స్ట్రోక్ ఆయిల్ వాడతారు. ఫోర్-స్ట్రోక్ మంచు బండ్లకైతే 0డబ్ల్యు-40 వంటిది పోస్తారు.

ఇదంతా మనకెందుకు అనిపించవచ్చు. చలి సంగతి పక్కన పెడితే ఆ మంచు బండికీ మన పొలంలో భుజానికి తగిలించుకునే తైవాన్ స్ప్రేయర్‌కీ ఇంజన్ సూత్రం ఒకటే. టూ-స్ట్రోక్ ఇంజన్‌కి కింద ఆయిల్ ఛాంబర్ ఉండదు. పెట్రోల్‌తో పాటు వచ్చిన ఆయిలే క్రాంక్ బేరింగుల్నీ పిస్టన్‌నీ తడిపి, చివరికి పెట్రోల్‌తోనే కాలిపోతుంది. కాబట్టి రైతు సోదరులు మూడు విషయాలు పట్టించుకోవాలి. మొదటిది, ఆయిల్ కలపని పెట్రోల్‌ని ఒక్క ట్యాంకు కూడా వాడకూడదు. రెండోది, కొలత. మిషన్ పుస్తకంలో 1:25 అని ఉంటే లీటరు పెట్రోల్‌కి 40 మిల్లీలీటర్లు, 1:50 అని ఉంటే 20 మిల్లీలీటర్లు. తక్కువైతే ఇంజన్ పట్టేస్తుంది. ఎక్కువైతే ప్లగ్గు తడిసి, సైలెన్సరు మసితో మూసుకుపోయి, మందు కొట్టే మనిషి ఊపిరితిత్తుల్లోకి పొగ పోతుంది. మందుసీసా మూతతో ఉజ్జాయింపుగా పోయకుండా గీతలున్న కొలపాత్ర ఒకటి దగ్గర ఉంచుకోండి. మూడోది, రకం. డబ్బా మీద టూ-టీ అని, దానితో పాటు జాసో (జపాన్ ప్రమాణం) ఎఫ్.సి. లేదా ఎఫ్.డి. అని ఉంటే తక్కువ పొగ, తక్కువ మసి. బైకు కోసం కొన్న ఫోర్-టీ ఆయిల్ మిగిలింది కదా అని పెట్రోల్లో కలపకండి. అది కాలిపోవడానికి చేసింది కాదు. బూడిద మిగిల్చి ఇంజన్‌ని చెడగొడుతుంది.

ఇప్పుడు ఫోర్-స్ట్రోక్ స్ప్రేయర్లు కూడా వస్తున్నాయి. వాటిలో పెట్రోల్ వేరు, ఆయిల్ వేరు. కొనేటప్పుడే ఏ రకమో అడిగి, ట్యాంకు మీద పెయింటుతో రాయించండి. ఇంట్లో ఎవరు తీసినా పొరపాటు జరగకూడదు.

డబ్బా మీద అక్షరాలు కూడా అంకెలంత ముఖ్యం. డీజిల్ ఆయిల్‌కి ఎ.పి.ఐ. అనే అమెరికా సంస్థ ఇచ్చే సిఐ-4, సికె-4 వంటి గుర్తులుంటాయి. సికె-4 అనేది 2016 డిసెంబరు నుంచి వచ్చిన ప్రమాణం. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమలైంది. ఆ డీజిల్ బండ్లలో చాలావాటికి పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. మసి పట్టినా కాలిపోతుంది కానీ ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, అక్కడే పేరుకుంటుంది. అందుకే వాటికి బూడిద తక్కువ మిగిల్చే సికె-4 వంటి ఆయిల్ కావాలి. పాత లారీకి పోసే ఆయిల్ చవకగా వచ్చిందని కొత్త లారీకి పోస్తే, ఆ ఫిల్టరు మార్చే ఖర్చు ముందు మిగిలిన డబ్బు లెక్కలోకి రాదు. మోటార్ సైకిల్‌కి జాసో ఎమ్.ఎ. లేదా ఎమ్.ఎ.2 అన్న గుర్తు చూడాలి. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్లో జారుడు పెంచే మందులు కలుపుతారు. అది పోస్తే క్లచ్ జారుతుంది. ఎమ్.బి. గుర్తున్న ఆయిల్ గేర్లు లేని స్కూటర్లకు.

చెరువుల రైతులకు ఒక ప్రత్యేకమైన మాట. అర్ధరాత్రి కరెంటు పోతే ఏరేటర్లు తిప్పేది జనరేటరే. అది స్టార్ట్ కాకపోతే తెల్లారేసరికి ప్రాణవాయువు చాలక రొయ్య తేలిపోతుంది. నెలల శ్రమ, లక్షల అప్పు ఆ ఒక్క రాత్రి మీద ఆధారపడి ఉంటాయి. జనరేటర్ కొద్ది గంటలే నడిచింది కదా అని ఏళ్ల తరబడి అదే ఆయిల్ ఉంచకండి. నిలబడి ఉన్న ఇంజన్‌లో తేమ చేరుతుంది, ఆయిల్లో ఆమ్లాలు పెరుగుతాయి. గంటలు నిండకపోయినా ఏడాదికొకసారి ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చండి. వారానికొకసారి లోడు ఇచ్చి కాసేపు నడపండి.

ఆయిల్ చూసుకోవడం కష్టమైన పనేం కాదు. బండి చదునైన చోట ఆపి, ఇంజన్ ఆపిన కొన్ని నిమిషాలకి గేజ్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటి పోసినా నష్టమే, క్రాంక్ తగిలి నురగ కడుతుంది. డీజిల్ ఇంజన్లో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడితే కంగారు పడకండి. మసిని తనలో పట్టుకుంటోందని అర్థం. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే మాత్రం ఇంజన్ వెంటనే ఆపాలి. నీళ్లు చేరాయన్నమాట. దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్లకి ఇది తప్పక చూసుకోవాలి. గేజ్ దగ్గర డీజిల్ వాసన వస్తున్నా, ఆయిల్ మట్టం దానంతట అది పెరుగుతున్నా మెకానిక్‌కి చూపించండి.

కొనేటప్పుడు సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడండి. బిల్లు అడగండి. ఖాళీ డబ్బాని అలాగే అమ్మితే అందులో కల్తీ ఆయిల్ నింపి మళ్లీ మనకే అమ్మే అవకాశం ఇచ్చినట్టవుతుంది. డబ్బాకి చిల్లు పెట్టి గాని, కోసి గాని పారేయండి.

తీసేసిన పాత ఆయిల్ గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం నిండదు. ఏలూరు కాలువ నీళ్లు మనం పొలాలకి పెట్టుకునేవి, పశువులకి తాపేవి. పాత ఆయిల్లో అరిగిన లోహాల పొడి, క్యాన్సర్‌ని కలిగించే పదార్థాలు ఉంటాయి. కొద్ది లీటర్లు కాలువలో పడినా ఎంతో దూరం నీటి మీద పొరలా పరుచుకుంటుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన ఆయిల్ అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే చేరాలి. శుద్ధి చేస్తే అందులోంచి మళ్లీ పనికొచ్చే ఆయిల్ వస్తుంది. అందుకే డ్రైన్ చేసిన ఆయిల్‌ని మూత ఉన్న క్యానులో పట్టి, సేకరించే వారికి ఇచ్చే వర్క్‌షాపులో అప్పగించండి. మట్టిలో పోయకండి, కాలువలో కలపకండి, పొయ్యిలో మండించకండి.

ఇప్పుడు మీరు చేయవలసిన పని చెబుతాను. బండితో ఇచ్చిన పుస్తకం ఎక్కడుందో వెతకండి. ఆయిల్ గురించి రాసిన పేజీ తీయండి. అందులోని అంకె, అక్షరాలు, ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లకి లేదా ఎన్ని గంటలకి మార్చాలి, ఈ నాలుగూ ఒక చీటీ మీద రాసి బండి తలుపు లోపల అంటించండి. పుస్తకం లేకపోతే బండి నంబరు, మోడలు చెప్పి కంపెనీ సర్వీసు సెంటర్లో అడిగి రాసుకోండి. ఈసారి దుకాణానికి వెళ్లినప్పుడు ఆ చీటీ చూసి ఫలానా గ్రేడు, ఫలానా ప్రమాణం కావాలని అడగండి. ఇంట్లో ట్రాక్టర్, బైకు, స్ప్రేయర్, జనరేటర్ ఎన్ని ఉంటే అన్నిటికీ విడివిడిగా చీటీలుండాలి. ఇల్లూ పొలమూ తాకట్టు పెట్టి కొన్న ఇంజన్‌కి మనం ఇవ్వగలిగిన అతి చవకైన రక్షణ ఇదే.